గడ్డిపై నడవరాదు

ఈ పుస్తకానికి నీ బతుకులోంచి ఏదన్నా రాయి అని అడిగినప్పుడు, గడ్డి గురించి రాస్తానన్నాను. అడిగిన అక్క నవ్వింది. "గడ్డేందమ్మా, భూమి గురించి రాయి, బడి గురించి రాయి, టీచరువి కదా" అంది. భూమి లేదక్కా, ఉన్నది గడ్డే అన్నాను. నిజమే మరి. మా ఇంటి ముందు పదిహేను అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు జాగా ఉంది. దాంట్లో గడ్డి ఉంది. మా వంశంలో నాకు తెలిసి మూడు తరాల వాళ్లు గడ్డి చెక్కారు, కోశారు, మోపులు కట్టి మోశారు. కావాలని గడ్డి పెంచింది మాత్రం నేనే. అందుకే రాస్తున్నాను. ఇందులో సిగ్గుపడాల్సింది కూడా ఉంది, అది కూడా రాస్తాను.

మాయమ్మ లానులో కలుపు తీసేది. గుంటూరు జిల్లాలో మా ఊరికి రెండు కిలోమీటర్ల దూరాన ఒక ఫ్యాక్టరీ, దాని ఆఫీసర్లకి ఒక కాలనీ, కాలనీ మధ్యలో గెస్ట్‌హౌసు. ఆ గెస్ట్‌హౌసు ముందర ఎకరం పైన లాను. మేస్త్రి మా మాదిగపల్లె నుంచి ఎనిమిది మంది ఆడోళ్లని తీసుకుపోయేవాడు. వాళ్లు వరసగా గొంతుక్కూచుని, ఈ చివర నుంచి ఆ చివరకి కలుపు తీసుకుంటా జరుగుతా పోవాలి. ఆ చివరకి పోయేసరికి ఈ చివర మళ్లీ మొలిచేది. రోజుకి 20 రూపాయలు కూలి, అందులో 2 రూపాయలు మేస్త్రికి. నాకప్పుడు ఆరేళ్లు, అంటే 1994. బడి లేని రోజున నన్ను వెంటబెట్టుకుపోయి పక్కనున్న వేపచెట్టు కింద కూచోబెట్టేది. లానులో కాలు పెడితే వాచ్‌మన్ కేకలేసేవాడు.

అక్కడ ఒక రేకు బోర్డు ఉండేది. పచ్చరంగు మీద తెల్లటి అక్షరాలు. బళ్లో అప్పుడే వత్తులు నేర్చుకుంటున్నాను. డకి డవత్తు దగ్గర ఆగి, కూడబలుక్కుని, ఒకరోజు మొత్తం చదివేశాను. గడ్డిపై నడవరాదు. పుస్తకంలో కాకుండా బయట నేను చదివిన మొట్టమొదటి వాక్యం అదే. సంతోషం పట్టలేక అరిచాను: "అమ్మా, గడ్డి మీద నడవగూడదంట!" మాయమ్మ తల కూడా ఎత్తకుండా, "మరి కలుపు గాల్లో ఎగిరి తియ్యాలంటనా?" అంది. ఎనిమిది మంది ఆడోళ్లూ పడీ పడీ నవ్వారు. మేస్త్రి కసిరాడు.

సాయంత్రం ఒక ఆఫీసరుగారి భార్య అటుగా వచ్చేది. పని చూసేది. మాయమ్మ దగ్గర ప్రతిసారీ ఆగేది, ఎందుకంటే మాయమ్మ అందరికంటే వెనక ఉండేది. "కూలికి చెయ్యి చాపేటప్పుడున్న ఒడుపు పనిలో లేదేం?" అనేది. ఆ మాట నాకు అచ్చం అట్టాగే గుర్తుంది. మాయమ్మ పలికేది కాదు.

ఆమె ఎందుకు వెనకబడేదో నాకు బీయస్సీ చదివేటప్పుడు తెలిసింది. లానులో పెద్ద శత్రువు తుంగ. చూడటానికి గడ్డిలాగే ఉంటది గానీ గడ్డి కాదు. కాడ మూడు పలకలుగా ఉంటది, వేళ్ల మధ్య తిప్పితే తెలిసిపోద్ది. దానికి భూమిలో నల్లటి చిన్న చిన్న గడ్డలుంటాయి, ఒకదానికొకటి దారంతో గుచ్చినట్టు. పైన ఆకు పట్టుకుని పీకితే పుటుక్కున తెగి చేతికొస్తది, గడ్డ లోపలే ఉంటది, వారంలో మళ్లీ మొలుస్తది. మిగతావాళ్లు పైపైన పీకి ముందుకి పోయేవాళ్లు. వాళ్ల తప్పు కాదు, మేస్త్రి కళ్లకి పోయినంత దూరమే పని. మాయమ్మ మాత్రం ఇనప చువ్వతో లోతుగా గుచ్చి, గడ్డని పైకి తీసి, దాని వెనక ఇంకోటి ఉందేమోనని వెతికి తీసేది. పని సరిగ్గా చేసినందుకు ఆమె మాటలు పడింది. సైపెరస్ రొటండస్ అని బోర్డు మీద రాసి పిల్లలకి చెప్పేటప్పుడల్లా నాకు ఆ చువ్వే గుర్తొస్తది.

బడి సంగతి ఒక్క ముక్కలో చెప్పి పోతాను. మా హైస్కూల్లో శుక్రవారం చివరి పీరియడు ఆవరణలో గడ్డి పీకించేవాళ్లు. పీకేది పల్లె పిల్లలం. ఊళ్లో పిల్లలు అప్పుడు ఆటల్లో ఉండేవాళ్లు. ఎవరూ పేర్లు పిలిచి చెప్పినట్టు గుర్తులేదు, అట్టా జరిగిపోయేది. 2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చాక, నేను పనిచేసే బళ్లో హాజరుపట్టీ వరస ప్రకారం అందరి చేతా చేయిస్తున్నాను. ఒకళ్లిద్దరు తల్లిదండ్రులు వచ్చి అడిగారు కూడా, మా వాడి చేత గడ్డి పీకిస్తారా అని.

ఉద్యోగం వచ్చాక టౌనులో ఏడేళ్లు అద్దె ఇళ్లు తిరిగాం. ఇల్లు చూపిస్తా చూపిస్తా, "మీరేంట్లు?" అంటారు. చెప్పాక, మా తమ్ముడు వస్తున్నాడండీ, ఇల్లు వాడికి కావాలి అంటారు. ఎంతమందికి అన్ని ఊళ్ల నుంచి తమ్ముళ్లొస్తారో! 2019లో టౌను చివర 150 గజాలు కొని, బ్యాంకు లోనుతో రెండు గదులూ వంటిల్లూ వేసుకున్నాం. ముందర ఈ జాగా మిగిలింది. మా ఆయన నాపరాళ్లు పరిపిద్దామన్నాడు, బండి పెట్టుకోవచ్చు, ఊడ్చుకోవచ్చు. నేను లాను కావాలన్నాను. ఎందుకు అన్నాడు. చెప్పలేకపోయాను. నాకే ఒక వేపచెట్టు కింద కూచున్న పిల్ల కనపడతా ఉంది, ఆయనకి ఎట్టా చూపించను?

నర్సరీకి పోయి కొరియన్ గడ్డి తెచ్చాం. చాపల్లాగా చుట్టి ఇస్తారు, పరుచుకోవటమే. రేటు చదరపు అడుగు లెక్క. మొత్తం మా నెల కంతులో సగం అయింది. నర్సరీ మనుషులు వచ్చి పైన ఇంత ఎర్రమట్టి చల్లి, చాపలు పరిచి, గంటలో పోయారు. ఆ సాయంత్రం పచ్చగా మెత్తగా ఉన్న ఆ జాగా చూసి నాకు ఏడుపొచ్చింది. కుర్చీ తెచ్చుకుని దాని అంచున, బయట, కూచున్నాను. మీద కూచోవాలని తోచనే లేదు.

మూడు నెల్లకి అది చావటం మొదలుపెట్టింది. ముందు పక్కింటి గోడ నీడపడే మూల పల్చబడింది. తర్వాత మధ్యలో పసుపు మచ్చలు. నేను రోజూ పొద్దునా సాయంత్రం పైపుతో పైపైన తడుపుతున్నాను. ఇంకా పచ్చగా కావాలని యూరియా తెచ్చి మిట్టమధ్యాహ్నం రెండు దోసిళ్లు చల్లి నీళ్లు పెట్టకుండా బడికి పోయాను. సైన్సు టీచర్ని! తెల్లారేసరికి చల్లిన చోటల్లా మాడిపోయింది.

అప్పుడు తోటపని చేసే ఒకాయన్ని పిలిచాం. యాభై ఐదేళ్లుంటాయి. పక్క ఊరి పల్లె మనిషి, మనవాళ్లే. ఆయన వచ్చి, మాడిన చోట్ల ఒక చాప లేపి, కింద చెయ్యి పెట్టి చూస్తా కూచున్నాడు. లేవడు, పీకడు, చూస్తా ఉన్నాడు. నాకు బడికి టైమవుతా ఉంది. గుమ్మంలో నిలబడి అన్నాను: "ఏమయ్యా, కూలికి చెయ్యి చాపేటప్పుడున్న ఒడుపు పనిలో లేదేం?"

నోట్లోంచి వచ్చాక గానీ వినపడలేదు నాకు. ఎన్నేళ్ల నుంచి నాలుక కింద దాక్కుందో ఆ మాట! నేను తయారుచేసిన మాట కాదు. అక్షరం పొల్లు పోకుండా ఆమెదే. లోపల మంచం మీద మాయమ్మ ఉంది. ఆమె మోకాళ్లు అప్పటికే పోయాయి, గొంతుక్కూచోలేదు, గోడ పట్టుకుని నడుస్తది. ఆమె లేచి వంటింట్లోకి పోయిన చప్పుడైంది. స్టీలు గ్లాసులో టీ పోసుకుని, గోడ పట్టుకుంటా వచ్చి, మెట్టు మీద కూచుని, "అన్నా, టీ తాగు. ఏముంది కింద?" అంది. ఆయన ఒక సిమెంటు పెచ్చు తీసి చూపించాడు. "ఇదమ్మా. ఇల్లు కట్టినప్పటి సరుకంతా ఇక్కడే ఉంది. వేరు ఎటు దిగుద్ది?" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూడలేదు.

ఆయన చూస్తా కూచుంది దాన్నే. ఇటికె ముక్కలు, సిమెంటు, గట్టిపడిన ఇసక, వాటి మీద రెండంగుళాల మట్టి, మట్టి మీద మా లాను.

ఆ రాత్రి మాయమ్మ అన్నం తింటా, "ఆ గెస్ట్‌హౌసమ్మ అచ్చం అట్టాగే అనేది" అంది. అంతే. ఇంకో మాట అనలేదు. మర్నాడు ఆయన పల్లెకి పోయి క్షమించమని అడిగాను. "భలేదానివి టీచరమ్మా, ఎంతమంది అనలేదు" అన్నాడు. ఆ జవాబు నన్ను ఓదార్చలేదు. ఇప్పటికీ ఓదార్చదు.

మీరు ఉద్యమాల్లో ఉన్నవాళ్లు, చదువుకుంటున్నవాళ్లు. పైకొచ్చినవాళ్లు మారిపోతారని మీటింగుల్లో తిడతారు. నేనూ తిట్టాను. మారటం అనేది ఎప్పుడో ఒకనాడు నిర్ణయించుకుని చేసే పని అనుకునేదాన్ని. మన ముందు మాట్లాడిన వాళ్ల మాటలు మన నోట్లో ఊరకే కూచుని ఉంటాయనీ, మనకంటూ ఒక గుమ్మం, గుమ్మం కింద పనిచేసే ఒక మనిషీ దొరికిన రోజున వాటంతటవే లేచి వస్తాయనీ తెలియదు.

ఆ తర్వాత ఎవర్నీ పిలవలేదు. 2022 జూన్ సెలవుల్లో చాపలన్నీ తీసేశాం. మాయమ్మ మెట్టు మీద కూచుని చెప్తా ఉంటే నేనూ మా ఆయనా చేశాం. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను, కాస్త జాగా ఉన్నవాళ్లకి పనికొస్తది. మనవాళ్లకి ఇప్పుడిప్పుడే ఇళ్ల ముందు జాగా మిగులుతా ఉంది. నర్సరీల వాళ్ల చేతుల్లో పడబాకండి.

జానెడు లోతు తవ్వమంది. ఇటికె, సిమెంటు, మేకులు, గాజుపెంకులు ఏరితే మూడు బస్తాలయ్యాయి. మాది నల్లరేగడి. ఎండకి నెర్రెలిస్తది, వానకి బంకవుద్ది. పది గంపల మాగిన దిబ్బ ఎరువు, అన్ని గంపల ఇసక కలిపించింది. మాగిన ఎరువే వెయ్యాలి, పచ్చిపేడ వేస్తే దాంట్లో ఉన్న విత్తనాలన్నీ మొలుస్తాయి. ఇంటి పునాది వైపు ఎత్తుగా, రోడ్డు వైపు కాస్త వాలుగా సదును చేయించింది, నీళ్లు నిలవకుండా. ఇక నాటుదామంటే, "ఆగు" అంది. నీళ్లు పెట్టి ఊరకే వదిలేసి పదిహేను రోజులు చూడమంది. వయ్యారిభామ, తుంగ, పేర్లు తెలియని మొక్కలు ఎన్నో మొలిచాయి. అవన్నీ అప్పుడు తీసేయటం తేలిక. గడ్డి వేశాక తియ్యాలంటే నడుం ఇరుగుద్ది. తుంగకి చువ్వ నా చేతికిచ్చింది. అదే చువ్వ కాదు, కానీ అట్టాంటిదే. మొదటి రోజు నేను ఎంత దూరం పోయానో చెప్పనా? రెండు గజాలు.

గడ్డి ఎక్కడిది అంటే, కాలవ గట్టు మీదది. గరిక. కొన్నది కాదు. ఇంగ్లీషు పుస్తకాల్లో బెర్ముడా గ్రాస్ అని రాస్తారు, ఎక్కడో అట్లాంటిక్ సముద్రంలో దీవి పేరు. లానుల్లో దాన్నే గొప్పగా వేస్తారు. అది మన కాలవ గట్టు గరికే. సైనడాన్ డాక్టిలాన్. భూమి పైనా కిందా రెండు దారుల్లో పాకుద్ది, కణుపు కణుపుకీ వేరేస్తది. రెండు మూడు కణుపులున్న ముక్కలుగా తుంచి, బెత్తెడు దూరంలో ఒక్కోటి గుచ్చాం. జులై వానలకి రెండున్నర నెలల్లో నేల కనపడకుండా అల్లుకుంది. ఎండ మాత్రం కావాలి, కనీసం అరపూటన్నా. పక్కింటి గోడ నీడ మూల గరిక రాదు, అక్కడ కుస్తీ పట్టమాకు, పుదీనా వేసుకో అంది. ఇప్పుడక్కడ పుదీనా ఉంది.

నాటిన కొత్తల్లో, "నెలరోజులు ఎవర్నీ తొక్కనియ్యమాక" అంది. మా బాబు అయిదో తరగతి, "అయితే బోర్డు పెడదామా అమ్మమ్మా?" అన్నాడు. మాయమ్మ నా వైపు చూసింది. నేను ఇంట్లోకి పోయాను.

కోత గురించి ఆమెది ఒకటే లెక్క. మూడు వేళ్ల ఎత్తు పెరిగితే ఒక వేలు కొయ్యి. రెండు వేళ్లు ఎప్పుడూ ఉంచు. ఎత్తులో మూడోవంతుకి మించి ఒకేసారి కొయ్యగూడదని నేను తర్వాత పుస్తకంలో చదివాను. ఆమె వేళ్ల మీద చెప్పింది అదే. బోడిగుండులాగా కింది దాకా కోస్తే నేలకి ఎండ తగిలి కలుపు మొలుస్తది, గడ్డికి వేరు పొట్టిదవుద్ది. పైన ఆకు ఎంతో కింద వేరంత అన్నమాట. మిషనేం అక్కర్లేదు ఇంత జాగాకి. కొడవలి, లేదా కంచెలు కత్తిరించే పెద్ద కత్తెర. పదును ముఖ్యం. పదును లేకపోతే ఆకు తెగదు, నలుగుద్ది, మర్నాటికి కొసలు తెల్లబడతాయి. కొడవలికి ఆకురాయి పెట్టటం మాత్రం ఇప్పటికీ ఆమే చేస్తది, మెట్టు మీద కూచుని. తడి గడ్డి కొయ్యనియ్యదు.

కోసిన ముక్కలు ఊడ్చబోతే వద్దంది. పొట్టి ముక్కలు అక్కడే పడి మళ్లీ ఎరువవుతాయి. గెస్ట్‌హౌసులో అవి ఊడ్పించి బయట గుట్టపోయించేవాళ్లు. ఒకసారి ఆ గుట్టలోంచి మోపు కట్టి పల్లెలో బర్రెకి తెచ్చినందుకు మాయమ్మని గేటు దగ్గర ఆపి, మోపు విప్పించి వెతికారు. పారేసిన గడ్డి! తర్వాత దానికే ఎరువు కొని లారీలో తెప్పించారట. "ఆళ్ల గడ్డి తిండి ఆళ్లే ఊడ్చి పారేసి, మళ్లీ కొనుక్కొచ్చేవాళ్లు" అని ఇప్పటికీ నవ్వుద్ది. ఇక్కడ యూరియా మళ్లీ ముట్టుకోలేదు. ఏడాదికోసారి వానల ముందు రెండు గంపల ఎరువు జల్లి, గడ్డి కొసలు కనపడేటట్టు చీపురుతో సర్దుతాం, అంతే.

నీళ్ల దగ్గర మాత్రం మా ఇద్దరికీ పోట్లాటయింది.

వారానికి అంగుళం నీళ్లు పెట్టాలని చదివాను. లెక్కేశాను, 180 చదరపు అడుగులకి అంగుళం అంటే 425 లీటర్లు. మాయమ్మ, "బిందెల్లో చెప్పు" అంది. 15 లీటర్ల బిందె అయితే 28 బిందెలు. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. మా పల్లెలో అరవై ఇళ్లకి ఒక బోరింగు. తెల్లారుజామున మూడింటికి లేచి వరసలో పెట్టిన బిందెలు నాకూ గుర్తే. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగోళ్లని చంపారంటే, ఆ గొడవ మొదలైంది తాగే నీళ్ల చెరువు దగ్గర. నేనింకా పుట్టలేదు. మా పల్లెలో ఆ కబురు వచ్చిన రాత్రి మగోళ్లు ఇళ్లలో పడుకోలేదని మాయమ్మ చెప్పుద్ది. ఆమె ముందు నేను గడ్డికి 28 బిందెలంటున్నాను.

"గడ్డికి నీళ్లు పెట్టేది బలిసినోళ్లే" అంది. "మరి ఎందుకు వేయించావు?" అన్నాను. "నువ్వేశావు, నేను బతికించమన్నావు కాబట్టి చెప్తన్నా" అంది. రెండ్రోజులు మాటల్లేవు.

మూడోరోజు ఆమే చెప్పింది. బట్టలు జాడించిన ఆఖరి నీళ్లు, బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి. అవి చాలు. రోజూ చిలకరించటం ఆపు, వేరు పైపైకి వస్తది. వారానికోసారి, వానొస్తే అదీ వద్దు, కానీ పెట్టినప్పుడు జానెడు దిగేటట్టు, తెల్లారగట్ట పెట్టు. ఎప్పుడు పెట్టాలో ఎట్టా తెలుస్తది అన్నాను. "నడువు" అంది. అర్థం కాలేదు. "ఉత్తకాళ్లతో దాని మీద నడిచి వెనక్కి తిరిగి చూడు. గడ్డి లేచి నిలబడితే దానికి నీళ్లున్నట్టు. నీ అడుగు అట్టాగే పడి ఉంటే దప్పికైనట్టు."

అన్నేళ్లు గడ్డిపై నడవరాదు అన్న బోర్డు పక్కన, ఎకరం లాను దప్పిక సంగతి ఎవరికి తెలిసేదో ఆలోచించండి. అధికారులకి తెలియదు, వాళ్లు చెప్పులేసుకుని కాంక్రీటు బాట మీద నడిచేవాళ్లు. మాలీకి కబురు చెప్పేది కలుపు తీసే ఆడోళ్లేనట, "ఈ పక్క కాలికి గుచ్చుకుంటంది, నీళ్లు తిప్పు" అని.

ఆ రోజు చెప్పులు విప్పి మొట్టమొదటిసారి మా లానులో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. పదిహేనడుగులే. ఎనిమిది అంగల్లో అయిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే అడుగులు పడే ఉన్నాయి.

2023 ఏప్రిల్, మే నెలల్లో గడ్డంతా ఎండి గోధుమరంగుకి తిరిగింది. కాలనీలో వాళ్లు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ, "పోయిందా టీచరు గారూ, అయ్యో" అనేవాళ్లు. నేనూ భయపడ్డాను. కొరియన్ గడ్డి గుర్తొచ్చింది. మాయమ్మ, "నిద్రపోతంది, లేపమాక" అంది. పదిహేను రోజులకోసారి కాసిని నీళ్లు, అంతే. ఆ పైన ఒక్క బిందె కూడా పొయ్యనియ్యలేదు. పైన ఆకు ఎండినా నేల కింద కాడల్లో ప్రాణం ఉంటది. జూన్ చివర్లో వాన పడ్డ అయిదో రోజుకి పచ్చగా లేచింది.

ఆ ఏడు సెప్టెంబరులో వినాయక చవితి. మా పల్లెలో మేం చవితి చేసి ఎరగం, మాకు ఆ లెక్కలు తెలియవు. పత్రిలో గరిక ఉంటదని, జంట దూర్వలని దానికి పేరుందని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. పొద్దున్నే గేటు చప్పుడైంది. ఎదురింటావిడ. మా గృహప్రవేశానికి పిలిస్తే వచ్చి, కడుపులో బాగోలేదని మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లినావిడ. గేటు బయటే నిలబడి, "టీచరు గారూ, మార్కెట్లో గరిక వాడిపోయి ఉంది, మీది లేతగా ఉంది కదా, పిడికెడు కోసి ఇస్తారా" అంది.

నా నోటికి చాలా వచ్చాయి. మా నీళ్లు పనికిరాలేదు గానీ మా బట్టలు జాడించిన నీళ్లతో పెరిగిన గరిక మీ దేవుడికి పనికొస్తదా అందామనుకున్నాను. బహుశా అనేదాన్నే. మాయమ్మ మెట్టు మీద కొడవలికి ఆకురాయి పెడతా ఉంది. ఆమె తల ఎత్తి, "నాకు మోకాళ్లు లేవమ్మా, ఇది బడికి పోవాల. లోపలికి రా. నువ్వే కోసుకో" అని కొడవలి పిడి అటు తిప్పి చాపింది.

ఆవిడ కాసేపు నిలబడింది. గేటు తీసింది. చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియక అటూ ఇటూ చూసి, అంచున విప్పి, కొడవలి అందుకుంది. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గొంతుక్కూచుంది. కొడవలి ఎట్టా పట్టుకోవాలో తెలియదు, నేలకి ఆనించి గీస్తా ఉంది.

"అంత కిందికి కాదమ్మా" అంది మాయమ్మ మెట్టు మీద నుంచి. "రెండు వేళ్లు వదిలిపెట్టి కొయ్యి. ఆ, అట్టా. చెయ్యి తెగుద్ది, మెల్లిగా. కాసిని ఆ పక్కవీ కొయ్యి, ఒక్కచోటే కొయ్యమాక."